కల్వర్టుకి అటూ ఇటూ

లెక్కల సార్ క్లాసు ముగించుకుని బయటికొచ్చేసరికి స్కూటర్ మాయం.

పొద్దున లైబ్రరీ వెనక, వాగు పక్కనున్న పార్కింగ్‌లో, చెట్టు నీడ చూసుకుని మరీ పెట్టాడు. ఇప్పుడు చెట్టు ఉంది, నీడ ఉంది, స్కూటరొక్కటే లేదు. అసలక్కడ ఒక్క బండీ లేదు. ఖాళీ పార్కింగ్ మధ్యలో ఒకమ్మాయి నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో వాకీటాకీ. పైనేమో మాడు పగిలే ఎండ.

"ఏమండీ, ఇక్కడ నా స్కూటర్..."

"నీలం రంగుదా? హ్యాండిల్ లాక్ వేయనిదా?"

"అదే."

"పైన ఆడిటోరియం ముందుంది. నెట్టించాను. ఇకనుంచి లాక్ వేసుకోండి సార్, ఎవరైనా ఎత్తుకుపోతారు."

"ఎత్తుకుపోయింది మీరేగా!"

ఆమె నవ్వలేదు. "పొద్దున్నే గ్రూపులో అలర్ట్ పెట్టాను. కొండల్లో పెద్ద వాన ఉంది, కింది పార్కింగ్‌లో బళ్ళు పెట్టొద్దని. చూడలేదా?"

"చూశా. తర్వాత తలెత్తి ఆకాశం కూడా చూశా. మీకంటే ఆకాశాన్నే నమ్మబుద్ధేసింది."

"ఈ వాగు పుట్టేది మీ నెత్తిమీది ఆకాశంలో కాదు సార్. పైన కొండల్లో. అక్కడ కురిస్తే ఇక్కడ ఎండలోనే నీళ్ళొస్తాయి. వచ్చేటప్పుడు తలుపు కొట్టి రావు."

అతను చేరి ఇంకా రెండు నెలలైనా కాలేదు. పిల్లలు సార్ అంటున్నారు గానీ మీసాల్లో ఇంకా కాలేజీ కుర్రతనమే. స్కూటర్ కోసం ఎండలో ఎత్తెక్కుతూ, దారిలో కనపడిన స్టూడెంట్‌ని అడిగాడు, ఆ బూట్లావిడ ఎవరని.

"అలర్ట్ అక్క సార్! ఎస్టేట్ ఆఫీసులో ఇంజినీరు. డ్రైన్లు, కల్వర్టులు, వరదొస్తే ఏం చేయాలి, అన్నీ ఆవిడే. వానాకాలమొస్తే మా ఫోన్లలో మా అమ్మల మెసేజ్‌లకన్నా ఆవిడవే ఎక్కువ."

ఆ సాయంత్రం సైరన్ మోగింది. హాస్టళ్ళలో కింది అంతస్తు పిల్లలంతా పరుపులు, పుస్తకాలు, బకెట్లు మోసుకుని పై అంతస్తులకెక్కారు. ఎక్కి, కిటికీల్లోంచి వాగు వైపు కళ్ళప్పగించి చూశారు. వాగులో వచ్చిన నీళ్ళు బాతుల కాళ్ళు తడపడానికి కూడా చాల్లేదు. వాన కొండకి అవతలి వైపు కురిసి పోయిందట.

క్యాంపసంతా ఒకటే నవ్వు. ఆ నవ్వులో లెక్కల సార్ తన వాటా కూడా కలిపాడు. గ్రూపులో ఇలా పెట్టాడు: "రేపటి వాతావరణం: అక్కడక్కడా ఎండ, అంతటా అలర్టులు."

పగలబడి నవ్వే బొమ్మలు కుప్పలుతెప్పలుగా వచ్చిపడ్డాయి. అన్నిటి చివరా ఆమె దగ్గర్నుంచి ఒకే ఒక్క బొటనవేలు. ఆ బొటనవేలు చూశాక ఎందుకో అతనికి తన జోకు అంత బాగున్నట్టు అనిపించలేదు.

*

మర్నాడే ఆమె లెక్కల బ్లాకుకి వచ్చింది, మాక్ డ్రిల్ చేయించడానికి.

"నీళ్ళొస్తున్నాయని తెలియగానే కిందికి పరిగెత్తకండి. పైకెక్కండి. లిఫ్ట్ వద్దు, మెట్లు. ఫోను, ఛార్జరు, రోజూ వేసుకునే మందులు ఉన్న బ్యాగు చేతికందేలా ఉండాలి. మరచిపోయిన వస్తువు కోసం ఎవరూ వెనక్కి వెళ్ళకూడదు, ఎంత ఖరీదైనదైనా సరే. ఇప్పుడు నాకు దెబ్బ తగిలిన మనిషొకరు కావాలి." క్లాసంతా చూసి ఆమె చూపు నేరుగా అతని మీద ఆగింది. "సార్, మీకు కాలు విరిగింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. కూర్చోండి."

నలుగురు కుర్రాళ్ళు అతన్ని కుర్చీతో సహా ఎత్తి మెట్లెక్కించారు. మలుపులో కుర్చీ ఒరిగింది. అతని నోట్లోంచి లెక్కలకి సంబంధం లేని కేక ఒకటి వచ్చింది. ఆమె పెదవి చివర మొదటిసారి నవ్వు కదిలింది. ఆ నవ్వు కోసం రెండో కాలు కూడా విరగ్గొట్టుకోవచ్చనిపించింది అతనికి.

డ్రిల్లయ్యాక క్యాంటీన్లో ఆమె ఎదురుగా టీ కప్పుతో కూర్చున్నాడు.

"ఆ జోకు... సారీ అండీ."

"జోకు బాగుంది. నేనూ నవ్వాను." ఆమె చల్లారిపోతున్న టీ వైపు చూసింది. "కానీ ఈసారి సైరన్ మోగితే పిల్లలకి ముందు మీ జోకు గుర్తొస్తుంది సార్. నవ్వుకుని దుప్పటి ముసుగేసుకుంటారు. నా భయమదొక్కటే. రిజిస్ట్రార్ గారైతే అననే అన్నారు, ఈసారి మోగించేముందు నాకో మాట చెప్పమ్మా అని."

అతని ముఖం పాలిపోయింది. "ఇప్పుడు నేనేం చేయాలి?"

"లెక్కల సారేగా. లెక్కే చెప్పండి. ఉత్తినే మోగిన సైరన్‌కి ఏం పోతుంది, మోగాల్సినప్పుడు మోగకపోతే ఏం పోతుంది?"

మర్నాడు క్లాసులో అతను పాఠం పక్కనపెట్టి బోర్డు మీద ఆ లెక్కే వేశాడు. ఒకవైపు: మెట్లెక్కిన ఆయాసం, కాస్త నవ్వులాట, ఒక చెత్త జోకు. రెండోవైపు రాయబోయి, పిల్లల ముఖాలు చూసి, ఏమీ రాయకుండా సుద్దముక్క కింద పెట్టేశాడు. వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "సార్, నేను వాలంటీర్‌గా చేరొచ్చా?" అన్నాడు.

అతనూ చేరాడు. సాయంత్రాలు ఆమె వెంట క్యాంపస్ చుట్టడం, డ్రైన్ జాలీలకి అడ్డంపడ్డ ఆకులు, చిప్స్ కవర్లు తీయడం, హాస్టల్లో కింది గదుల కరెంటు బోర్డులు ఎంత ఎత్తులో ఉన్నాయో చూడటం. చెత్త తీయడానికి ఇంత ఉత్సాహంగా వెళ్ళే లెక్చరర్‌ని ఆ యూనివర్సిటీ అంతకుముందు చూసి ఉండదు.

"మీ అమ్మగారు ఏం చేస్తారు?" అడిగిందొకసారి.

"గవర్నమెంటు ఆస్పత్రిలో హెడ్ నర్సుగా రిటైరయ్యింది. ఇంట్లో మాత్రం ఇంకా కాలేదు. నాన్నా నేనూ తన వార్డులో పేషెంట్లం."

ఆమె విరగబడి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఇద్దరి దగ్గరా గొడుగులున్నాయి. ఇద్దరూ తెరిచింది ఒకటే.

ఇంకో రోజు అతని చేతిలో ఒక చిన్న బ్యాగు పెట్టింది. లోపల టార్చి, విజిల్, నీళ్ళ సీసా, బిస్కెట్లు, దెబ్బలకి కట్టుకునే గుడ్డ.

"ఇదేంటి?"

"ఎమర్జెన్సీ బ్యాగు. అందరూ తయారు చేసుకోవాలని చెప్పానా? నువ్వు చేసుకోవని తెలుసు."

బ్యాగు సంగతి తర్వాత. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని అతను ఆ రోజంతా గాల్లో తేలాడు.

*

గాల్లో ఉండగానే అమ్మ ఫోన్ చేసింది. స్టాఫ్ రూమ్ బయట వరండాలో నిలబడి మాట్లాడుతున్నాడు.

"నిన్ను చూస్తే ఏదో తేడాగా ఉందిరా. వీడియో కాల్లో కూడా ఊరికే నవ్వుతున్నావు. ఎవరామె?"

అమ్మ దగ్గర జ్వరం దాయలేనివాడు ప్రేమేం దాస్తాడు! "ఉందమ్మా. అమ్మాయి చాలా బావుంది. నాకు బాగా నచ్చింది. నువ్వొచ్చి చూడు, చూశాక నువ్వే పెళ్ళి చేసేద్దామంటావు." గొంతు తగ్గించి, "ఆమెకింకా చెప్పలేదనుకో" అన్నాడు.

"చెప్పకుండా నన్ను రమ్మంటావేరా? సరే, శనివారం మధ్యాహ్నం బస్సుకొస్తా."

"శనివారమేగా! గేటు దగ్గరే ఉంటా" అని గట్టిగా చెప్పి, ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి వరండా చివర రబ్బరు బూట్లు చకచకా మెట్లు దిగిపోవడం కనపడింది.

ఆ సాయంత్రం నుంచి లెక్క తప్పింది. డ్రైన్ల దగ్గరికి ఆమె వేరే వాలంటీర్లతో వెళ్ళింది. ఎదురుపడితే, "బాగున్నారా సార్?" అంది. 'సార్' తిరిగొచ్చింది, 'మీరు' దాని చెయ్యి పట్టుకుని వచ్చింది.

"నేనేమైనా తప్పు చేశానా?"

"అబ్బే, మీరేం చేశారు? శనివారం పెద్ద పని ఉంది కదా మీకు. కంగ్రాచ్యులేషన్స్."

శనివారం పెద్ద పనేంటో, కంగ్రాచ్యులేషన్స్ ఎందుకో బుర్ర ఎంత గోక్కున్నా అతనికి తట్టలేదు.

*

శనివారం మధ్యాహ్నం. ఆకాశం మసకగా ఉంది, చినుకు మాత్రం లేదు. అమ్మని తీసుకురావడానికి అతను మెయిన్ గేటు వైపు నడుస్తున్నాడు. గేటుకీ క్యాంపస్‌కీ మధ్య రోడ్డు ఒకచోట పల్లంలోకి దిగుతుంది. అక్కడే కల్వర్టు, దానికింద వాగు.

కల్వర్టు ఇవతల ఆమె నిలబడి ఉంది. చెవి దగ్గర ఫోను, కళ్ళు నీళ్ళ మీద.

"పైకెళ్ళండి సార్," అంది అతని వైపు చూడకుండా.

"ఏమైంది?"

"నీళ్ళ రంగు మారింది. ఇందాకటి దాకా తేటగా ఉంది. ఇప్పుడు బురద, పుల్లలు, నురగ. కొండల్లో పొద్దుట్నుంచీ కురుస్తోంది. పైనున్న వంతెన దగ్గర నీటిమట్టం చూసే ఆయన ఫోన్ కలవట్లేదు. రిజిస్ట్రార్ గారు మీటింగ్‌లో ఉన్నారు, ఎత్తట్లేదు."

"అయితే సైరన్ మోగించు."

ఆమె పెదవి కొరుక్కుంది. "మళ్ళీ ఏమీ రాకపోతే?"

అతను ఆమె ముఖంలోకి చూశాడు. క్యాంపస్‌లో అందరికీ ధైర్యం చెప్పే మనిషి కళ్ళల్లో బెరుకు. ఆ బెరుకులో తన జోకు కూడా కొంత ఉంది.

"రాకపోతే మళ్ళీ నవ్వుతారు. నవ్వనీ. నీ పక్కనే నిలబడి ఆ నవ్వులన్నీ నేను పంచుకుంటా. మోగించు."

ఆమె వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంది. "కంట్రోల్ రూమ్, సైరన్ వెయ్యండి. అన్ని బ్లాకులూ పైకి. గేటు దగ్గర రాకపోకలు ఆపండి."

సైరన్ కూసింది. అతను వెనక్కి తిరిగి భవనాల వైపు చూశాడు. వరండాల్లో పిల్లలు బ్యాగులు భుజాన వేసుకుని, గోడవారగా, వరసగా మెట్లెక్కుతున్నారు. ఒక్కడూ నవ్వలేదు.

వాగు చూస్తుండగానే ఉబ్బింది. పైనెక్కడో రాళ్ళు దొర్లుతున్నట్టు చప్పుడు. నీళ్ళు కల్వర్టు అంచుకొచ్చాయి, అంచు దాటాయి, రోడ్డు మీద పరుచుకున్నాయి. సరిగ్గా అప్పుడే అవతలి ఒడ్డున, గేటు ముందు, బస్సు ఆగింది. చేతిలో సంచీ, గొడుగుతో అమ్మ దిగింది. కొడుకుని చూసి చెయ్యూపుతూ రోడ్డు మీదికి రెండడుగులు వేసింది.

అతను "అమ్మా, ఆగు! రావద్దు!" అని అరుస్తూ తనే పరిగెత్తాడు, నీళ్ళవైపు.

చొక్కా కాలరు వెనక నుంచి బిగుసుకుంది. ఒక్క గుంజుడు గుంజింది ఆమె. అతను వెల్లకిలా పడబోయి నిలదొక్కుకున్నాడు.

"వదులు! అవతల మా అమ్మ! మోకాలి లోతేగా!"

"మోకాలి లోతు చాలు మనిషిని లాక్కుపోవడానికి! కింద రోడ్డుందో లేదో ఎవరికి తెలుసు? నువ్వు పడితే నిన్ను తేవడానికి ఇంకొకరు దిగుతారు, నేనే దిగుతా. దిగమంటావా?"

అంతలో కల్వర్టు పక్కనున్న సిమెంటు చెత్తకుండీ నీళ్ళలో కదిలింది. ఇద్దరు మనుషులు కలిసి కూడా లేపలేని కుండీ అది. బొంగరంలా తిరిగి, కల్వర్టు రెయిలింగ్‌ని గుద్దుకుని, వాగులో మునిగిపోయింది. అతని కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

జేబులో ఫోన్ మోగింది. అమ్మ. వెనక్కి తగ్గి, గేటు గట్టుమీద నిలబడి ఉంది.

"ఒరేయ్, దిగావంటే కాళ్ళు విరగ్గొడతా! నేను బాగానే ఉన్నా. అదిసరే, నీ కాలరు పట్టుకున్న అమ్మాయి ఎవరు? ఆ అమ్మాయేనా?"

"అమ్మా, ఇప్పుడా..."

"గట్టిగానే పట్టింది. ఫోన్ తనకివ్వు."

ఆమె ఒక చేత్తో ఫోన్ అందుకుంది, రెండో చెయ్యి కాలరు మీదనుంచి తీయలేదు. "ఆంటీ, నమస్కారం. మీ వెనక జిరాక్స్ షాపుంది కదా, దానికి మేడ ఉంది. బస్సు దిగినవాళ్ళందర్నీ తీసుకుని పైకెళ్ళండి. షాపాయన్ని మెయిన్ స్విచ్ ఆపమనండి, కింద నీళ్ళు చేరకముందే. నీళ్ళొచ్చాక ముట్టుకోవద్దనండి."

"అర్థమైంది. ఎంతమందిమి ఎక్కామో లెక్కపెట్టి చెప్తా. ఇంకేం చేయాలి?"

"ఎవర్నీ కల్వర్టు వైపు రానీయకండి ఆంటీ."

"ఆ పని నాకొదిలేయ్. ఇంకొక్క మాట తల్లీ, మావాడు నీకు చెప్పాడా?"

"ఏంటాంటీ?"

"చెప్పలేదన్నమాట. సరే, ముందు నీ పని చూసుకో."

*

లెక్కల బ్లాకు పై వరండాలోంచి కల్వర్టు మొత్తం కనపడుతుంది. ఇద్దరూ అక్కడికెక్కారు. ఇప్పుడు క్యాంపస్‌లోనూ వాన దంచుతోంది. ఆమె ఒక్కో బ్లాకునీ వాకీటాకీలో పిలిచి, అందరూ ఉన్నారా అని అడిగి తెలుసుకుంది. అందరూ ఉన్నారు. లైబ్రరీ కింది గదిలోకి నీళ్ళు వెళ్ళాయి, లోపల ఒక్క మనిషీ లేడు. కింది పార్కింగ్ చెరువైంది, ఒక్క బండీ లేదు. రిజిస్ట్రార్ గారే ఫోన్ చేసి, "మంచి పని చేశావమ్మా, నాకోసం ఆగనందుకు" అన్నారు.

అవతలి ఒడ్డున మాత్రం ఒక నాటకం నడుస్తోంది. కొత్త కారొకటి వచ్చి హారన్ కొడుతోంది, నీళ్ళు దాటేస్తానన్నట్టు. దానికి అడ్డంగా, వానలో, గొడుగు ఇంజెక్షన్‌లా ఎత్తిపట్టుకుని అమ్మ. కారతను దిగాడు, చేతులు తిప్పాడు. అమ్మ వేలు ఆడింది. కాసేపటికి అతను తల వంచుకుని కారుని వెనక్కి, ఎత్తుమీదికి తీసుకెళ్ళాడు. అమ్మ అతని వెనకే నడిచి, అతన్నీ మేడెక్కించింది.

వరండాలో పిల్లలు చప్పట్లు కొట్టారు.

"మీ అమ్మగారికి నా డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగమిచ్చేయాలి," అంది ఆమె నవ్వుతూ. వెంటనే నవ్వు దాచుకుంది. "ఇవాళ పెళ్ళిచూపులు ఆగిపోయినట్టున్నాయి. సారీ."

"ఎవరి పెళ్ళిచూపులు?"

"మీవే. అమ్మాయి చాలా బావుంది, నచ్చింది, పెళ్ళి చేసేద్దామంటావు... వరండాలో విన్నాను. వినాలని కాదు, వినపడింది."

అతనికి వారం రోజుల 'సార్' లెక్క అప్పటికి తేలింది.

"దాని తర్వాతి మాట వినపడలేదా?"

"ఏ మాట?"

"'ఆమెకింకా చెప్పలేదు' అన్నాను. ఆ 'ఆమె' నువ్వే. మా అమ్మ వచ్చింది నిన్ను చూడటానికే."

చుట్టూ ఉన్న పిల్లలు అకస్మాత్తుగా బూజు పట్టిన గోడల్ని, సీలింగ్ ఫ్యాన్లని శ్రద్ధగా చూడటం మొదలెట్టారు.

"నువ్వంటే నాకు చాలా ఇష్టం," అన్నాడు అతను. "నీ అలర్టులు, నీ బూట్లు, నీ తిట్లు, అన్నీ. పెళ్ళి చేసుకుందామా?"

ఆమె చెవుల దాకా ఎర్రబడింది. జుట్టులోంచి కారుతున్న నీళ్ళు తుడుచుకుని, వాకీటాకీ రెండు చేతులా పట్టుకుంది. "నేనిప్పుడు డ్యూటీలో ఉన్నాను."

"అంటే?"

"అంటే డ్యూటీలో ఉన్నాను. వెళ్ళి పిల్లలకి బిస్కెట్లు పంచు."

అతను పంచాడు. పంచుతూ పంచుతూ దొంగచూపులు చూశాడు. ఆమె వాగుని చూస్తూ తనలో తాను నవ్వుకుంటోంది. బిస్కెట్లు ఒకళ్ళకి మూడు, ఇంకొకళ్ళకి అసలు లేకుండా పంచాడని పిల్లలు తర్వాత ఫిర్యాదు చేశారు.

సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. నీళ్ళు వచ్చినంత తొందరగానే తగ్గాయి. రోడ్డు బయటపడింది. "ఇక వెళ్ళొచ్చా?" అన్నాడు అతను. ఆమె తల అడ్డంగా ఊపింది. మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్ళి కల్వర్టు కిందికి వంగి చూసింది, రోడ్డు అంచుల్ని గడకర్రతో పొడిచి చూసింది. ఒకవైపు మట్టి కొట్టుకుపోయి, పైన తారు మాత్రం పలకలా వేలాడుతోంది. అక్కడ తాడు కట్టించి, గట్టిగా ఉన్న వైపు రెయిలింగ్ పక్కనుంచి ఒక్కొక్కరినే రమ్మంది.

మొదట వచ్చింది అమ్మే. చీర అంచు బురద, జుట్టు తడి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. కొడుకుని దాటుకుని నేరుగా ఆమె దగ్గరికెళ్ళి చేతులు పట్టుకుంది.

"చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నావా? లేదు కదూ? తెలుసు." కొడుకు వైపు తిరిగింది. "చెప్పావా?"

"చెప్పానమ్మా."

"ఏమంది?"

"డ్యూటీలో ఉందట."

"డ్యూటీలో ఉన్న మనిషిని అడగొచ్చురా ఎవరైనా? నేనైతే చెంప పగలగొట్టేదాన్ని." ఆమె వైపు చూసి గొంతు మెత్తగా చేసింది. "అయ్యిందా తల్లీ డ్యూటీ?"

ఆమె వాగుని చూసింది. గట్టెక్కి వస్తున్న చివరి మనిషిని చూసింది. వాకీటాకీ ఆపేసింది. "ఇప్పుడే అయ్యింది ఆంటీ."

"అయితే?"

"ముందు మీరొచ్చి మా నాన్నతో మాట్లాడాలి. నాకు సరే. కానీ..." ఓరగా అతని వైపు చూసింది. "వానాకాలం వెళ్ళాకే. వానాకాలంలో నాకు సెలవు దొరకదు."

అతను అరిచిన అరుపుకి పై వరండాలోంచి ఇంతెత్తున కేకలు, ఈలలు.

ముగ్గురూ ఎత్తు వైపు నడవడం మొదలెట్టారు. రోడ్డంతా బురద, అడుగు వేస్తే జారుతోంది. అమ్మ మధ్యలో నడుస్తూ ఇద్దరి చేతులూ చెరోవైపు పట్టుకుంది. నాలుగడుగులు వేశాక ఆగిపోయింది.

"ఇలాగైతే ముగ్గురం కలిసే పడతాం," అంటూ రెండు చేతులూ వదిలేసి పక్కకి తప్పుకుంది. "నాకు ఊతంగా గొడుగుంది. మీరిద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని రండి."